బేరింగు మార్చే ముందు అది ఎందుకు పోయిందో తేల్చాలి

ఇంజన్ కింది భాగం నుంచి టక్ టక్‌మని శబ్దం మొదలైతే మెకానిక్ నోట మొదట వచ్చే మాట "బేరింగ్ పోయింది" అనే. చాలాసార్లు అది నిజమే. అయితే షెల్స్ (బేరింగు రేకులు) మార్చి, కొత్త ఆయిల్ పోసి బండి బయటికి పంపిన కొన్నాళ్లకే అదే చోట అదే శబ్దం తిరిగి వచ్చే ఇంజన్లు కూడా తక్కువేమీ కాదు. కొత్త షెల్స్ నాసిరకమని తిట్టుకోవడం తేలిక. నిజానికి ఇంజన్ బేరింగు తనంతట తాను పాడవడం అరుదు. ఆయిల్‌లోనో, పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌లోనో, బిగింపులోనో ఉన్న తప్పుకు అది బలవుతుంది. ఆ తప్పును అలాగే వదిలేస్తే కొత్తవీ పాతవాటి దారే పడతాయి.

ఆయిల్ పొర మీదే అంతా

కారు ఇంజన్లో క్రాంక్‌షాఫ్ట్‌ను మోసేవి గుండ్లున్న బాల్ బేరింగులు కావు. రెండు సగాలుగా వంచిన పలుచటి రేకులు. వీటినే షెల్స్ అంటారు. బ్లాకులో క్రాంక్‌ను పట్టి ఉంచేవి మెయిన్ బేరింగులు, పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ కింది చివర క్రాంక్‌ను పట్టుకునేవి బిగ్ ఎండ్ బేరింగులు. నాలుగు సిలిండర్లు వరుసగా ఉండే ఇంజన్లో మామూలుగా మెయిన్లు 5, బిగ్ ఎండ్లు 4 ఉంటాయి. క్రాంక్ ముందుకీ వెనక్కీ జరగకుండా ఒక మెయిన్ దగ్గర థ్రస్ట్ బేరింగు కూడా ఉంటుంది.

షెల్‌కీ, దానిలో తిరిగే క్రాంక్ జర్నల్‌కీ (క్రాంక్ మీది నున్నటి గుండ్రటి భాగానికీ) మధ్య వదిలే ఖాళీ చాలా తక్కువ. జర్నల్ వ్యాసంలో వెయ్యో వంతు అన్నది పాత లెక్క. అంటే 50 మి.మీ. జర్నల్‌కు 0.05 మి.మీ. క్లియరెన్స్. ఆ ఖాళీని ఆయిల్ నింపుతుంది. పంపు ప్రెషరే క్రాంక్‌ను పైకెత్తి పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. కాదు. పంపు పని ఆయిల్‌ను అక్కడిదాకా చేర్చడమే. ఆపైన జర్నల్ తిరుగుతూ ఆ ఆయిల్‌ను తనతోపాటు ఇరుకు సందులోకి లాక్కుపోతుంది. అక్కడ పుట్టే ప్రెషర్ పంపు ఇచ్చేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. వాన నీళ్లు నిలిచిన రోడ్డు మీద వేగంగా పోయే టైరు నీటి పొర మీదికెక్కి రోడ్డును వదిలేస్తుందే, ఇదీ అదే సూత్రం. టైరుకు అది ప్రమాదం, క్రాంక్‌కు అదే ప్రాణం. బరువు గట్టిగా పడే చోట ఆ పొర మందం కొన్ని మైక్రాన్లకు మించదు.

ఇక్కడ ఒక లెక్క గుర్తుంచుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. బేరింగు పక్కల నుంచి కారిపోయే ఆయిల్, క్లియరెన్స్ ఘనాన్ని బట్టి పెరుగుతుంది. ఖాళీ రెట్టింపైతే అదే ప్రెషర్ దగ్గర కారే ఆయిల్ దాదాపు ఎనిమిది రెట్లవుతుంది. పంపు అంత ఆయిల్ ఇవ్వలేదు. ప్రెషర్ పడిపోతుంది. అలా అరిగిన ఒక్క బేరింగు, అదే గ్యాలరీ (ఆయిల్ పారే దారి) మీద ఆధారపడ్డ మిగతా బేరింగులకూ ఎసరు పెడుతుంది. అరుగుదల మొదట నెమ్మదిగా సాగి, ఒక దశ దాటాక ఒక్కసారిగా ఊపందుకోవడానికి కారణం ఇదే.

షెల్ పైపూత మెత్తగా ఉండటం కావాలని చేసిందే. 1839లో ఐజాక్ బాబిట్ తెచ్చిన తగరపు మిశ్రమం నాటి నుంచీ ఆలోచన అదే. చిన్న నలకలు వస్తే మెత్తటి లోహంలో కూరుకుపోవాలి, జర్నల్ మీద గీత పడకూడదు. ఇప్పటి షెల్స్‌లో ఉక్కు రేకు మీద రాగి మిశ్రమమో, అల్యూమినియం-తగరం మిశ్రమమో ఉంటుంది. రాగి రకంలో దాని మీద ఇంకో సన్నటి మెత్తటి పూత కూడా వేస్తారు. ఆ పూత మందం 12 నుంచి 25 మైక్రాన్లు. అంతకన్నా పెద్ద నలక వచ్చిందంటే పూత మింగలేదు. నలక సగం బయటే ఉండి జర్నల్‌ను గీరుతుంది.

శబ్దాన్ని నమ్మేటప్పుడు జాగ్రత్త

బిగ్ ఎండ్ శబ్దం గట్టిగా, పొడిగా ఉంటుంది. ఇంజన్ వేగంతోపాటే పెరుగుతుంది. లోడ్ మారేటప్పుడు, ముఖ్యంగా 2,000 ఆర్‌పీఎం పైన పట్టి ఉంచిన యాక్సిలరేటర్‌ను కొద్దిగా వదిలిన క్షణంలో, బాగా బయటపడుతుంది. మెయిన్ బేరింగు శబ్దం ఇంకా లోతైనది. ధబ్ ధబ్‌మని, లోడ్ మీద లాగేటప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. క్లచ్ నొక్కగానే శబ్దం మారుతూ ఉంటే, నొక్కినప్పుడు క్రాంక్ పుల్లీ ముందుకు జరుగుతున్నట్టు కనిపిస్తే థ్రస్ట్ బేరింగును అనుమానించాలి.

కానీ చెవి ఒక్కదాన్నే నమ్మి ఇంజన్ దించడం తొందరపాటు. పిస్టన్ సిలిండర్ గోడను తట్టే శబ్దం చల్లని ఇంజన్లో గట్టిగా ఉండి, వేడెక్కాక తగ్గిపోతుంది. బేరింగు శబ్దం తీరు దీనికి తలకిందులు. వేడికి ఆయిల్ పలచబడేకొద్దీ అది పెరుగుతుంది. వాల్వులను నొక్కే ట్యాపెట్ల టిక్ టిక్ పైనుంచి వస్తుంది, క్రాంక్ వేగంలో సగం వేగంతో కొడుతుంది. పిస్టన్‌ను రాడ్‌కు కలిపే గడ్జియన్ పిన్ వదులైతే జంటగా రెండు దెబ్బలు వినిపిస్తాయి. అందరికన్నా ఎక్కువ మోసం చేసేది మాత్రం ఆటోమేటిక్ గేర్‌బాక్స్ బండ్లలో క్రాంక్‌ను టార్క్ కన్వర్టర్‌కు కలిపే పలుచటి ఫ్లెక్స్ ప్లేట్. అది పగిలినా, టార్క్ కన్వర్టర్ బోల్టులు వదులైనా వచ్చే శబ్దం అచ్చం బిగ్ ఎండ్ శబ్దంలాగే ఉంటుంది. ఈ ప్లేటును చూడకుండా క్రాంక్ జోలికి పోకూడదు. తనిఖీ మూత విప్పి టార్చి వేస్తే సరిపోయే పని అది.

ఒక సిలిండర్ ఇంజెక్టర్ కనెక్టర్ పీకి, ఆ సిలిండర్‌లో మంట లేకుండా చేసి వినడం మంచి పరీక్ష. ఆ రాడ్ బేరింగే అరిగి ఉంటే దాని మీద బరువు తగ్గగానే శబ్దం బాగా తగ్గుతుంది, లేదా తీరు మారుతుంది. మెయిన్ బేరింగు అయితే ఒక్క సిలిండర్ ఆపితే తేడా అంతగా తెలియదు. పక్కపక్కనున్న రెండింటినీ ఆపి వింటే తెలియవచ్చు. ఈ పరీక్ష ఐడిల్ కన్నా కొంచెం పైన, క్షణాల్లో ముగించాలి. "ఏదీ, ఇంకోసారి గట్టిగా రెయిజ్ చెయ్" అంటూ పదిమందీ చుట్టూ చేరి వినడం మామూలే. అరిగిన బిగ్ ఎండ్‌కు ఆ ఒక్కో రెయిజూ ఒక్కో సుత్తి దెబ్బ. రాడ్ బోల్టులు ఆ దెబ్బలకు సాగి తెగితే రాడ్ బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది. అప్పుడు రిపేరు మాటే ఉండదు. అందుకే శబ్దం స్పష్టంగా వినిపిస్తున్న బండిని నడుపుకుంటూ వర్క్‌షాప్‌కు తీసుకెళ్లడం కన్నా లాగించుకుని వెళ్లడమే మేలు.

చిక్కటి ఆయిల్ పోస్తే శబ్దం తగ్గుతుందన్నదీ నిజమే. శబ్దం తగ్గుతుంది, అరిగిన లోహం మాత్రం తిరిగి రాదు.

ప్రెషర్, ఫిల్టర్

డ్యాష్‌బోర్డులో ఎర్రటి ఆయిల్ లైటు వెలిగేదాకా ఆగడం ఆలస్యం చేసుకోవడమే. చాలా బండ్లలో ఆ స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ దగ్గర గానీ పని చెయ్యదు. ఐడిల్‌లో ఇంజన్‌కు ఏదో కొంత ఆయిల్ అందుతోందని చెప్పడానికే అది పనికొస్తుంది. సరైన పద్ధతి ఒకటే. స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో మెకానికల్ గేజ్ బిగించి, ఇంజన్ పూర్తిగా వేడెక్కాక కొలవాలి. ప్రతి 1,000 ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ ఉండాలన్న పాత సూత్రం పాత ఇంజన్ల వరకు ఫర్వాలేదు. ఇప్పటి చాలా ఇంజన్లలో పంపు అవసరాన్ని బట్టి ప్రెషర్‌ను తనే తగ్గించుకుంటుంది. వాటికి ఆ ఇంజన్ సర్వీస్ మాన్యువల్‌లోని అంకెలే ప్రమాణం.

ప్రెషర్ తక్కువగా ఉందంటే బేరింగులే అరిగాయని కాదు. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉండి, వేడెక్కాక ఐడిల్‌లో కుప్పకూలితే క్లియరెన్స్ పెరిగిందన్న అనుమానం బలపడుతుంది. లేదా పెట్రోలో డీజిలో కలిసి ఆయిల్ పలచబడి ఉండాలి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరుగుతూ, ఇంధనం వాసన వస్తుంటే ముందు అది చూడాలి. చల్లగా ఉన్నా వేడిగా ఉన్నా తక్కువే చూపిస్తే పంపు, ఎక్కువైన ప్రెషర్‌ను వదిలేసే రిలీఫ్ వాల్వ్ వైపు చూడాలి. వేగం పెంచేకొద్దీ ప్రెషర్ పెరిగి, ఒక దశ తర్వాత తగ్గుతుంటే సంప్ (ఇంజన్ కింది ఆయిల్ తొట్టి) లోని జాలీ మడ్డితో మూసుకుపోయిందనో, పికప్ పైపు ఓ-రింగ్ దగ్గర గాలి పీలుస్తోందనో అర్థం. సంప్ విప్పకముందే ఇంత సమాచారం దొరుకుతుంది.

పాత ఆయిల్ ఫిల్టర్‌ను చెత్తలో వేసే ముందు కోసి చూడాలి. హ్యాక్‌సా బ్లేడుతో కోస్తే డబ్బా రజను లోపల పడి, ఏది ఇంజన్‌దో ఏది డబ్బాదో తెలియకుండా పోతుంది. ఫిల్టర్ కట్టర్‌తో మూత వరకే కోయాలి. మడతల కాగితాన్ని విడదీసి, ఆయిల్ పిండేసి, వెలుతురులో పరచి మెల్లగా వంచి చూస్తే మెరుపులు కనిపిస్తాయి. అయస్కాంతానికి అంటుకుంటే అది ఇనుము, ఉక్కు, అంటే క్రాంక్, చెయిన్, రింగుల వైపు నుంచి వచ్చింది. అంటుకోని బూడిదరంగు పొలుసులు షెల్ పూత కావచ్చు, పిస్టన్ అల్యూమినియం కూడా కావచ్చు. ఎర్రటి రాగి మెరుపు కనిపిస్తే పై పూత దాటి లోపలి పొర దాకా అరిగిందని అనుకోవచ్చు.

ఆయిల్ శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపితే సీసం, తగరం, రాగి ఎన్ని పీపీఎం (పది లక్షల్లో ఎన్ని వంతులు) ఉన్నాయో చెబుతారు. కంటికి కనపడనంత సన్నటి అరుగుదల అక్కడ బయటపడుతుంది. ఒక్క రిపోర్టు చూసి కంగారు పడనక్కర్లేదు. రాగి ఆయిల్ కూలర్ నుంచి కూడా వస్తుంది. సిలికాన్ అంకె ఎక్కువుంటే అది దుమ్ము కావచ్చు, గ్యాస్కెట్ సీలెంట్ కూడా కావచ్చు. వరసగా తీసిన రిపోర్టుల్లో అంకె ఎటు పోతోందన్నదే ముఖ్యం. సోడియం, పొటాషియం కనిపిస్తే మాత్రం కూలెంట్ ఆయిల్‌లో కలుస్తోందా అన్నది వెంటనే తేల్చుకోవాలి.

పాత షెల్‌ను చదవడం

సంప్ దించి, ఒక్కో బిగ్ ఎండ్ క్యాప్ విప్పి షెల్స్ బయటికి తీశాక అసలు పని మొదలవుతుంది. తొందరలో అన్నింటినీ ఒక డబ్బాలో పడేస్తే కథ అక్కడితో ముగిసింది. ఏ సిలిండర్‌ది, పైదా కిందిదా, ఏ అంచు ముందు వైపు ఉంది అన్నవి వీపు మీద మార్కర్‌తో రాసి, వరుసలో పెట్టి చూడాలి. బిగ్ ఎండ్‌లో పై షెల్, మెయిన్‌లో కింది షెల్ ఎక్కువ అరగడం సహజం. పేలుడు బరువు పడేది అక్కడే.

ముందు చూడాల్సింది ఎన్ని పాడయ్యాయన్నది. అన్నీ ఒకే తీరుగా అరిగితే తప్పు ఆయిల్‌లోనో, సరఫరాలోనో ఉంది. ఒక్కటే పోయి మిగతావి శుభ్రంగా ఉంటే తప్పు అక్కడే ఉంది. ఆ రాడ్‌లో, ఆ జర్నల్‌లో, లేదా ఆ జర్నల్‌కు వెళ్లే ఆయిల్ దారిలో.

తిరిగే దిశలో చుట్టూ గీతలు, వాటి చివర కూరుకుపోయిన నలకలు కనిపిస్తే మురికి పని. ఎయిర్ ఫిల్టర్ దగ్గర లీకు, మార్చకుండా వదిలేసిన ఆయిల్ ఫిల్టర్, అంతకుముందు ఇంజన్ విప్పినవాళ్లు కడగకుండా వదిలేసిన రజను, ఏదైనా కావచ్చు. పూత కరిగి పక్కకు తోసుకుపోయి నున్నగా మెరుస్తుంటే, వీపు నల్లబడితే, జర్నల్ నీలంగా మారితే ఆయిల్ అందలేదు. ఒక్క అంచే అరిగితే జర్నల్ ఒక వైపు సన్నబడి ఉండాలి, లేదా రాడ్ వంగి ఉండాలి. మెయిన్ షెల్స్ మధ్యవి ఎక్కువగా, చివరివి తక్కువగా అరిగితే క్రాంక్ వంగిందా, వేడికి బ్లాకు మెలి తిరిగిందా అన్నది కొలిచి చూడాలి. రెండు సగాలు కలిసే అతుకు దగ్గర అరుగుదల ఉంటే క్యాప్ పక్కకు జరిగి బిగిసింది, లేదా వేరే రాడ్ క్యాప్ తెచ్చి బిగించారు.

పూత మీద నెర్రెలు పడి చిన్న ముక్కలుగా ఊడుతుంటే అది అలసట. బరువు మితిమీరి, పదేపదే పడింది. ఇంజన్ నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి పేలడం) వల్ల గానీ, పవర్ పెంచే ట్యూనింగ్ వల్ల గానీ అలా అవుతుంది. ఇక్కడ షెల్స్ మార్చి, ట్యూనింగ్‌ను అలాగే ఉంచితే లాభం లేదు. నల్లటి సన్నటి గుంతలు కనిపిస్తే ఆమ్లాలు తిన్న గుర్తు. ఆయిల్ ఎంతకాలం మార్చలేదో, కూలెంట్ కలిసిందేమో చూడాలి. షెల్ లోపలి వైపు ఒక్క చోటే గుండ్రటి మెరుపు ఉంటే తిప్పి వీపు వైపు చూడాలి. సరిగ్గా అక్కడే చిన్న నలక అద్దిన గుర్తు కనిపిస్తుంది. బిగించేటప్పుడు ఆ చోటు తుడవకపోవడం వల్ల షెల్ అక్కడ ఉబ్బి, ఆయిల్ పొరను చీల్చింది.

మురికి సంగతిలో పేరున్న ఫ్యాక్టరీలూ తప్పించుకోలేదు. 2015లో హ్యుందాయ్ అమెరికాలో 2011, 2012 మోడల్ సొనాటా కార్లను దాదాపు 4.7 లక్షలు వెనక్కి పిలిచింది. క్రాంక్‌షాఫ్ట్ ఆయిల్ రంధ్రాల్లో మెషినింగ్ రజను మిగిలిపోయి, బిగ్ ఎండ్‌లకు ఆయిల్ ఆడకపోవడమే కారణం. 2024లో టయోటా కూడా టండ్రా, లెక్సస్ ఎల్ఎక్స్ వాహనాలను రీకాల్ చేసింది. అక్కడా మిగిలిపోయిన మెషినింగ్ రజనే, దెబ్బతిన్నవి మెయిన్ బేరింగులు. 2025లో జనరల్ మోటార్స్ 6.2 లీటర్ల వీ8 ఇంజన్లను వెనక్కి పిలిచినప్పుడు, పరీక్షలో నెగ్గిన ఇంజన్లకు 0డబ్ల్యూ-20 బదులు వేడిలో ఇంకా చిక్కగా ఉండే 0డబ్ల్యూ-40 ఆయిల్ వాడమంది. పొర మందం పెంచి బేరింగును కాపాడే ప్రయత్నం అది. అన్ని వసతులూ ఉన్న ఫ్యాక్టరీలకే ఇలా జరిగినప్పుడు, గేటు తీసి ఉన్న షెడ్డులో క్రాంక్‌ను గోడకు ఆనించి పెట్టి బిగించే రిపేరులో శుభ్రత ఎంత అవసరమో వేరే చెప్పాలా.

కొలిచాకే రిపేరు

జర్నల్‌ను మైక్రోమీటర్‌తో రెండు దిశల్లో, రెండు చివర్లలో కొలవాలి. గుండ్రదనంలోనో, చివర నుంచి చివరకో 0.02 మి.మీ. పైన తేడా కనిపిస్తే చాలా ఇంజన్లకు అది ఎక్కువే. అక్కడా మాన్యువల్ మాటే చివరి మాట. జర్నల్‌ను అడ్డంగా గోరుతో గీరితే గోరు తట్టుకునే గాడి ఉంటే క్రాంక్‌ను గ్రైండింగ్‌కు పంపాల్సిందే. ఎమెరీ పేపర్ చేత్తో పట్టి రుద్దితే మెరుస్తుంది, గుండ్రదనం మాత్రం పోతుంది.

గ్రైండింగ్ 0.25, 0.50 మి.మీ. మెట్లలో చేసి, ఆ తేడాకు తగ్గట్టు మందం పెరిగిన అండర్ సైజ్ షెల్స్ వేస్తారు. జర్నల్ అంచున ఉండే వంపును అలాగే నిలపాలి. పదునైన మూల మిగిలితే క్రాంక్ అక్కడే పగులుతుంది. కొన్ని క్రాంక్‌లకు పైన నైట్రైడింగ్ (నైట్రోజన్‌తో పైభాగాన్ని గట్టిపరచడం) చేసిన గట్టి పొర ఉంటుంది, గ్రైండింగ్‌లో అది పోతే మళ్లీ ఆ ప్రక్రియ చేయించాలి. కొన్ని ఇంజన్లకు కంపెనీ అండర్ సైజ్ షెల్స్ ఇవ్వదు, క్రాంకే మార్చాలి. అరిగిన జర్నల్‌ను గ్రైండ్ చెయ్యకుండా మందం షెల్స్ ఎక్కించడం ఎక్కడో ఒకచోట కనిపిస్తూనే ఉంటుంది. కోడిగుడ్డు ఆకారంలో ఉన్న జర్నల్‌కు ఏ మందం షెల్ వేసినా ఒక వైపు బిగువు, ఇంకో వైపు వదులు.

ఇంజన్ దించకుండా, సంప్ విప్పి బిగ్ ఎండ్ షెల్స్ మాత్రమే మార్చడం కుదురుతుంది. జర్నళ్లు శుభ్రంగా ఉండి, అరుగుదలను ముందే పట్టుకున్న సందర్భంలో ఇది మంచి పనే. శబ్దం ఇప్పటికే పెద్దదై, సంప్‌లో లోహపు రజను పేరుకుపోయి ఉంటే మాత్రం ఈ దారి జూదమే. ఆ రజను అప్పటికే గ్యాలరీల్లో, కూలర్‌లో, ట్యాపెట్లలో చేరి ఉంటుంది.

షెల్ వీపు, అది కూర్చునే గూడు రెండూ పొడిగా, నూనె లేకుండా ఉండాలి. లోపలి వైపు మాత్రమే అసెంబ్లీ ల్యూబ్ పూయాలి. షెల్ అంచులు గూడు కన్నా వెంట్రుకవాసి పైకి ఉండటం తప్పు కాదు. క్యాప్ బిగించినప్పుడు ఆ నొక్కుడే షెల్‌ను కదలకుండా పట్టి ఉంచుతుంది, వేడిని బ్లాకుకు చేరుస్తుంది. ఎక్కువైందని ఆ అంచుల్ని ఆకురాయితో రుద్దితే షెల్ గూట్లోనే తిరగడం మొదలుపెడుతుంది. రాడ్, క్యాప్ జతలు మారకూడదు. ఒకే ముక్కగా చేసి, క్యాప్‌ను విరగ్గొట్టి జత చేసిన రాడ్లలో ఆ విరిగిన గరుకు ముఖాలే జతను కూర్చోబెడతాయి. కాబట్టి వాటిని రుద్దకూడదు, పాడైతే రాడ్ మొత్తం మార్చాలి. టార్క్ తర్వాత కోణం తిప్పి బిగించే బోల్టులు సాగేలా చేసినవి. కొత్తవి వెయ్యాలి.

క్లియరెన్స్‌ను ప్లాస్టిగేజ్‌తో తేలిగ్గా సరిచూసుకోవచ్చు. సన్నటి ప్లాస్టిక్ పోగు ముక్కను శుభ్రంగా తుడిచిన జర్నల్ మీద క్రాంక్ పొడవు దిశలో పెట్టి, క్యాప్‌ను పూర్తి టార్క్‌కు బిగించి, మళ్లీ విప్పి, నలిగిన పోగు వెడల్పును కవరు మీది కొలతతో పోల్చాలి. ఆకుపచ్చ పోగు 0.025 నుంచి 0.076 మి.మీ. వరకు చూపిస్తుంది. మధ్యలో క్రాంక్‌ను ఒక్క డిగ్రీ తిప్పినా కొలత పనికిరాదు. పోగు ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర సన్నగా నలిగితే జర్నల్ వాలుగా అరిగిందన్నమాట. క్రాంక్ ముందూ వెనకా కదలికను డయల్ గేజ్‌తో చూడటం కూడా ఇప్పుడే పూర్తి చెయ్యాలి.

గ్యాలరీ ప్లగ్గులు విప్పి, సన్నటి పొడుగు బ్రష్ దూర్చి, ద్రావకంతో కడిగి, గాలితో ఊదాలి. క్రాంక్ ఏటవాలు రంధ్రాలూ అంతే. ఆయిల్ కూలర్‌ను కడిగి వాడుకోవడం కన్నా మార్చడం మంచిది, దాని సన్నటి దారుల్లో చిక్కిన రజను తర్వాతే బయటికి వస్తుంది. పంపును విప్పి చూసి, గీతలుంటే మార్చాలి. స్టార్ట్ చేసే ముందు ఇంధనం, ఇగ్నిషన్ ఆపి, స్టార్టర్‌తో తిప్పుతూ గేజ్‌లో ప్రెషర్ కనిపించేదాకా ఆగాలి. స్టార్టర్ వేడెక్కకుండా మధ్యమధ్య విరామం ఇవ్వాలి. స్టార్ట్ అయ్యాక లోడ్ పడకుండా కాసేపు తిరగనిచ్చి, లీకులు చూసి, వేడెక్కాక ఐడిల్ ప్రెషర్ రాసి పెట్టుకోవాలి. ముందు ముందు పోల్చి చూడటానికి పనికొచ్చే అంకె అది.

కొన్ని వందల కిలోమీటర్లకే మొదటి ఆయిల్ మార్చి, ఆ ఫిల్టర్‌నూ కోసి చూడాలి. కాగితం మీద కొన్ని చుక్కల మెరుపు ఉంటే కంగారు అక్కర్లేదు. పొలుసులు కనిపిస్తే, వేడి ఐడిల్ ప్రెషర్ రాసి పెట్టుకున్న అంకె కన్నా దిగి ఉంటే, శబ్దం రాకముందే సంప్ మళ్లీ విప్పాలి.